ఒకే మొక్క, రెండు న్యాయాలు: గంజాయి నిషేధ చరిత్ర మీద ఒక పరిశీలన

తులసివనంలో గంజాయి మొక్క అనే సామెత తెలుగు తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. మంచి కుటుంబంలో పుట్టిన చెడ్డవాణ్ణి అట్లా అంటారు. రెండూ భూమిలోంచి వచ్చిన మొక్కలే. కానీ ఒకటి కోటలో పూజలందుకుంటుంది, ఇంకోదాన్ని వూరవతలికి పీకి పారేస్తారు. మొక్కలకు కూడా కులం అంటగట్టిన సమాజం మనది. అయితే గంజాయి విషయంలో సామెత కూడా సగమే చెబుతుంది. ఎందుకంటే ఈ ఒక్క మొక్కలోనే చట్టం రెండు కులాలు చేసింది.

1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టం (అందరూ ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటున్నారు, మేమూ అట్లాగే అంటాం) రెండో సెక్షన్‌లో గంజాయికి నిర్వచనం వుంది. మొక్క పూత, కాయ వున్న కొసలు గంజాయి. కొసలు కలవకుండా విడిగా వున్న ఆకులూ గింజలూ గంజాయి కావు. ఆ ఆకుని నూరితే వచ్చేది భంగు. కనుక భంగు ఈ చట్టం కిందికి రాదు. దాన్ని రాష్ట్రాల ఎక్సైజు చట్టాలు చూసుకుంటాయి. రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వమే లైసెన్సులిచ్చి భంగు దుకాణాలు నడిపిస్తుంది. బనారస్‌లో హోళీకీ శివరాత్రికీ భంగు తాగటం ఆచారం, సంప్రదాయం, శివుడి ప్రసాదం. అదే మొక్క పూతని చిలుంలో పెట్టి కాల్చిన రిక్షా కార్మికుడిది మాత్రం నేరం.

ఈ గీత ఎక్కడ గీశారు, ఎవరు గీశారు, గీత కింద ఎవరు పడ్డారు అన్నదే ఈ వ్యాసంలో మేము చూడదలచుకున్న సంగతి. గంజాయిని చట్టబద్ధం చెయ్యాలన్న వాదన మన దేశంలో ఇంతవరకూ పట్నాల్లో చదువుకున్న కుర్రకారు సరదాగానో, మందుల కంపెనీల లాభసాటి ఆలోచనగానో చర్చకు వస్తోంది. మేము దీన్ని దళిత, ఆదివాసీ ప్రజల ప్రశ్నగా చూస్తున్నాం. నిషేధం ఏనాడూ మొక్క గుణాన్ని బట్టి రాలేదనీ, దాన్ని వాడేవాళ్ళూ పండించేవాళ్ళూ ఎవరన్నదాన్ని బట్టి వచ్చిందనీ మా వాదన.

ఆకుకీ పూతకీ తేడా లేదా?

తేడా వుంది. ఆకులో మత్తు తక్కువ, పూతలో ఎక్కువ. దీన్ని ఎవరూ కాదనక్కర్లేదు. కానీ బీరుకీ బ్రాందీకీ కూడా తేడా వుంది గదా! బీరు తాగినవాడికి లైసెన్సు దుకాణం, బ్రాందీ తాగినవాడికి పదేళ్ళ జైలు అని ఏ ప్రభుత్వమైనా అంటుందా? మత్తు తేడాని బట్టి పన్ను తేడా పెట్టొచ్చు, వయసు పరిమితి పెట్టొచ్చు. ఒకడిని భక్తుడిగా, ఇంకొకడిని ఖైదీగా చెయ్యటానికి ఆ తేడా చాలదు. ఆకుని వదిలేసి పూతని పట్టుకోవటానికి వేరే కారణం వుండి తీరాలి. ఆ కారణం చరిత్రలో దొరుకుతుంది.

కూలీల మీద మొదటి నిషేధం

గంజాయి నిషేధం అనగానే అమెరికా పేరు చెబుతారు. అమెరికాలో కేంద్ర చట్టం వచ్చింది 1937లో. అంతకు చాలా ముందే మనవాళ్ళ మీద ఒక నిషేధం వచ్చింది. అది దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ అది. అందులో తమిళులూ తెలుగువాళ్ళూ వున్నారు. ఓడ జాబితాల్లో పేరు, వయసు, వూరుతో పాటు కులం కూడా రాసుకున్నారు. తర్వాత యాభై ఏళ్ళ పాటు ఆంధ్ర తీరం జిల్లాల నుంచి కరువుకి తట్టుకోలేక పోయినవాళ్ళు ఎంతోమంది. భూమి లేనివాళ్ళు, అంటరానివాళ్ళన్న ముద్ర వున్నవాళ్ళు వాళ్ళలో వున్నారు.

పదేళ్ళు తిరక్కుండానే, 1870లో నాటాల్ ప్రభుత్వం కూలీల చట్టాలన్నిటినీ కలిపి ఒక చట్టం చేసింది. కూలీ అయినవాడెవడూ గంజాయి మొక్కలో ఏ భాగాన్నీ పొగ తాగకూడదు, వాడకూడదు, దగ్గర వుంచుకోకూడదు, కూలీకి ఎవరూ అమ్మకూడదు, ఊరికే కూడా ఇవ్వకూడదు. గమనించండి, నిషేధం గంజాయి మీద కాదు. కూలీ మీద. తోట యజమాని పేరు అందులో లేదు. ఎందుకంటే తోట యజమానికి కావలసింది కూలీ ఒళ్ళు. పగలంతా చెరకు నరికి ఒళ్ళు హూనమై వచ్చినవాడు రాత్రి రెండు దమ్ములు లాగితే మర్నాడు పనికి రాడేమోనన్నది ఆయన దిగులు. కూలీ ఆరోగ్యం మీద దిగులైతే పని గంటలు తగ్గించేవాడు, కూలి పెంచేవాడు.

ఇదే కాలంలో కరీబియన్ దీవులకు పోయిన భారతీయ కూలీలు గంజా అన్న మాటనే వెంట తీసుకుపోయారు. జమైకాలో ఇప్పటికీ ఆ మొక్క పేరు గంజా. ఒక మాట ఎవరి నోట ఎక్కడికి ప్రయాణం చేసిందో చూస్తే చాలు, అది ఎవరి జీవితంలో భాగమో తెలుస్తుంది.

1893 సంఘం ఏం చూసింది, ఏం చూడలేదు

ఇండియాలో మాత్రం బ్రిటిష్ వాళ్ళు గంజాయిని నిషేధించలేదు. దాని మీద పన్ను వేసి తిన్నారు. 1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో బెంగాల్ గంజాయి గురించి ప్రశ్న వచ్చింది. మద్యనిషేధ వాదులు గంజాయి వల్ల జనం పిచ్చివాళ్ళవుతున్నారన్నారు. అప్పుడు ప్రభుత్వం ఏడుగురు సభ్యులతో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. ఆ ముగ్గురూ పై వర్గాలవాళ్ళే. సంఘం 1,193 మంది సాక్షుల్ని విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది.

నివేదిక సారం ఇది: మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే హాని వుంది, పూర్తి నిషేధం అవసరమూ కాదు, మంచిదీ కాదు, పన్నులూ లైసెన్సులతో అదుపు చెయ్యాలి. పిచ్చాసుపత్రుల లెక్కల్ని సంఘం విడివిడిగా పరీక్షించింది. పిచ్చికి కారణం అన్న గడిలో గంజాయి అని రాసింది చాలాచోట్ల డాక్టర్లు కాదు. రోగిని తెచ్చిన పోలీసులు విచారణ లేకుండా రాసిందే రిజిస్టర్లోకి ఎక్కింది. బీదవాడికి మతి చలిస్తే గంజాయి తాగాడు అని రాసెయ్యటం సులువు. ఆకలో, దెబ్బలో, అప్పులో కారణమని రాయాలంటే విచారించాలి గదా.

ఆ నివేదికలో మన ప్రాంతం కూడా వుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి సాగు చెప్పుకోదగ్గ మోతాదులో జరిగిన చోట్లలో ఒకటి అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుబాడు ప్రాంతం. సర్కారు అనుమతితో పండించి, సర్కారు గిడ్డంగికి చేర్చి, పన్ను కట్టి అమ్మిన పంట అది. ఈ దగ్గుబాడు నేటి కారంచేడు మండలంలో వుంది. కారంచేడు పేరు మన పాఠకులకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ మాటకి తర్వాత వస్తాం.

బెంగాల్‌లో రాజ్‌షాహీ జిల్లా నావ్‌గావ్ గంజాయి సాగుకి పేరుపడ్డది. 1917లో అక్కడి రైతులు గంజాయి సాగుదార్ల సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ ప్రాంతం బంగ్లాదేశ్‌లో వుంది, అక్కడ 1987లో సాగు ఆపేశారు. అంటే డెబ్భై ఏళ్ళు ఒక సహకార సంఘం ఈ పంట చుట్టూ బతికింది. గంజాయి అంటేనే ముఠాలు, తుపాకులు అని ఇప్పుడు చెబుతున్నారు. ముఠా మొక్కలోంచి పుట్టదు, నిషేధంలోంచి పుడుతుంది.

సంఘం నివేదికని మేము నెత్తిన పెట్టుకోవటం లేదు. వలస ప్రభుత్వానికి పన్ను ఆదాయం ముఖ్యం. సాక్షుల్లో అధికారులు, డాక్టర్లు, జమీందార్లు, మిషనరీలు ఎక్కువ. భంగు జోలికి పోతే హిందువుల మత మనోభావాలు దెబ్బతింటాయన్న జాగ్రత్త నివేదికలో కనబడుతుంది. కూలీ మనోభావం ఎవరికీ పట్టలేదు. ఆకుకి ఒక రక్షణ, పూతకి ఒక అనుమానం అన్న గీతకి పునాది అక్కడ పడింది.

1925 జెనీవా నల్లమందు ఒప్పందంలో, ఈజిప్టు ప్రతినిధి పట్టుబట్టడంతో, గంజాయి కూడా చేరింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఏకైక ఒప్పందం వచ్చింది. ఆ ఒప్పందం నిర్వచనంలో కూడా కొసలు లేని ఆకుల్నీ గింజల్నీ మినహాయించారు. పాత వాడకాన్ని 25 ఏళ్ళలో ఆపెయ్యాలని గడువు పెట్టారు. చెరకు తోటలో, గనిలో, రేవులో పనిచేసేవాడి చిలుంకి గడువు పడింది. పండగనాటి భంగుకి గడువే లేదు.

జీలుగు కల్లు నుంచి 47వ అధికరణం దాకా

ఆదివాసుల తాగుడు మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షల కథ గంజాయితో మొదలు కాలేదు. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ ఎందుకు లేచింది? కారణాలు చాలా వున్నాయి, వాటిలో ముఖ్యమైంది కల్లు. కొండల్లో ఎవరి చెట్టు కల్లు వాళ్ళు గీసుకుని తాగేవాళ్ళు. మద్రాసు ప్రభుత్వం అబ్కారీ నిబంధన తెచ్చి ఇంటికోసం కల్లు గీసుకోవటాన్ని నేరం చేసింది, గీత హక్కుని మైదానపు కౌలుదార్లకు ఇచ్చింది. మన్సబుదారు అటు నుంచి చిగురుపన్ను వేసి పీడించాడు. తన చెట్టు కింద తనే దొంగ అయ్యాడు కొండదొర. పోలీసు ఠాణాల మీద పడ్డారు. మొక్క ఆదివాసిది, లాభం షావుకారుది, శిక్ష ఆదివాసిది. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? నూట నలభై ఏళ్ళ తర్వాత అదే కొండల్లో మళ్ళీ వింటున్నాం.

రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న 1948 నవంబరు 24న వచ్చింది. మత్తు పానీయాలూ మాదకద్రవ్యాలూ నిషేధించేందుకు రాజ్యం ప్రయత్నించాలన్న నిర్దేశం చర్చకు వచ్చిన రోజు అది. ఇప్పుడది 47వ అధికరణం. జైపాల్ సింగ్ ముండా లేచి ఆదివాసుల తరపున అభ్యంతరం చెప్పారు. బియ్యపు కల్లు ఆదివాసుల పూజల్లో, పొలం పనుల్లో కలిసిపోయిన వస్తువనీ, వాళ్ళ ఆచారంలో వేలు పెట్టవద్దనీ వాదించారు. డాక్టర్ అంబేద్కర్ జవాబులో చెప్పింది ఇది: ఇది ఆదేశిక సూత్రం మాత్రమే, ఎప్పుడు ఎట్లా అమలు చేసేదీ రాజ్యాల ఇష్టం, ఆదివాసీ ప్రాంతాల రక్షణకు వేరే ఏర్పాట్లున్నాయి. నిషేధం కావాలన్నవాళ్ళు 47వ అధికరణాన్ని చూపిస్తారు. ఆ అధికరణం పుట్టిన చర్చలో ఆదివాసి గొంతు ఏం అన్నదో, అంబేద్కర్ దానికి ఏ హామీ ఇచ్చారో చూపించరు.

1985: రెండు సంఘటనలు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ ఏడే ఆగస్టు 23న ఎన్.డి.పి.ఎస్. బిల్లు లోక్‌సభలో పెట్టారు. సెప్టెంబరు 16కల్లా రాష్ట్రపతి సంతకం, నవంబరు 14 నుంచి అమలు. మూడు నెలలు కూడా పట్టలేదు. పాత చట్టాల్లో శిక్షలు చాలటం లేదు, అంతర్జాతీయ ఒప్పందాలకు కట్టుబడి వుండాలి, మన దేశం దొంగ రవాణాకు దారి అయింది అన్నవి ప్రభుత్వం చెప్పిన కారణాలు. దళితుల మీద అత్యాచారాల నిరోధక చట్టం రావటానికి మాత్రం 1989 దాకా, అమలుకి 1990 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ రెంటికీ కార్యకారణ సంబంధం వుందని మేము అనటం లేదు. కానీ రాజ్యానికి ఏది తొందరో, ఏది నిదానమో తెలుసుకోవటానికి ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అత్యాచారాల చట్టం కింద నిందితుల అరెస్టుకి ముందే విచారణ, పై అధికారుల అనుమతి కావాలంది. చట్టం దుర్వినియోగం అవుతోందని కారణం చెప్పింది. దేశమంతా దళితులు రోడ్ల మీదికి వచ్చాక పార్లమెంటు ఆగస్టులో దాన్ని సరిచేసింది. ఎన్.డి.పి.ఎస్. చట్టంలో అయితే 35, 54 సెక్షన్ల కింద నిందితుడు దోషి అన్న అనుమానంతోనే విచారణ మొదలవుతుంది. నిర్దోషినని అతనే రుజువు చేసుకోవాలి. 1989లో సవరించిన 37వ సెక్షన్ కింద వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు దాదాపు దొరకదు. ఈ చట్టం దుర్వినియోగం గురించి దళితవాడల్లోనూ కొండగూడేల్లోనూ ఎంత ఏడ్చినా అంత గట్టిగా పట్టించుకున్నవాళ్ళు లేరు.

శిక్షలు కూడా పెరుగుతూ పోయాయి. 1985లో గంజాయికి గరిష్ట శిక్ష ఐదేళ్ళు. 2001 సవరణతో పరిమాణాన్ని బట్టి శిక్షలు వచ్చాయి. కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్ళు, లక్ష నుంచి రెండు లక్షల జుర్మానా. సాగు చేసినవాడికి పదేళ్ళ దాకా. అక్కడ నాలుగు మొక్కలా నాలుగు ఎకరాలా అన్న తేడా కూడా లేదు.

మూట మోసినవాడే వ్యాపారి

20 కిలోలంటే ఎంత? ఒక మనిషి భుజాన వేసుకుని కొండ దిగే మూట. చట్టం బరువు తూచింది గానీ ఆ మూట ఎవరిదని అడగలేదు. పెట్టుబడి పెట్టినవాడు మైదానంలో ఏ పట్నంలోనో వుంటాడు. తమిళనాడు, కేరళ, మహారాష్ట్రల నుంచి వచ్చే వ్యాపారుల సంగతి పోలీసులే చాలాసార్లు చెప్పారు. వాళ్ళు మూట ముట్టుకోరు. ముట్టుకునేది మోత కూలీ. కనుక చట్టం కళ్ళకి మోత కూలీయే వాణిజ్యం చేసినవాడు! అంటరానితనం ఇక్కడ తలకిందులైంది: ముట్టుకున్నవాడిదే పాపం, లాభం తిన్నవాడు శుద్ధుడు.

విశాఖ ఏజెన్సీలో చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, అవతల ఒడిశా కొండలు గంజాయి సాగుకి పేరు మోశాయి. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. అన్ని పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఆ మంట వెనక ప్రశ్నలు మాత్రం ఏ ఫోటోలోనూ లేవు. రాగి, సామ, వలిసె పండించే రైతు గంజాయికి ఎందుకు మళ్ళాడు? పండిన పసుపుకీ పిప్పలికీ సంతలో ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? కాఫీ మొక్క నాటితే కాపు రావటానికి ఏళ్ళు పడుతుంది, అంతవరకూ ఏం తినాలి? రోడ్డు లేని గూడెం నుంచి పంట దించాలంటే కూలి కూడా గిట్టదు. గంజాయికైతే వ్యాపారి ముందే డబ్బిచ్చి, విత్తనమిచ్చి, ఇంటి దగ్గరే కొంటాడు. ఇది రైతు నేరప్రవృత్తి కాదు, పూట గడిచే లెక్క.

ఇంకో సంగతి చూడండి. 2020 డిసెంబరు 2న వియన్నాలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని హెరాయిన్‌తో పాటు వున్న అతి ప్రమాదకరమైన నాలుగో షెడ్యూలు నుంచి తీసేసింది. 27 ఓట్లు అనుకూలం, 25 వ్యతిరేకం. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో ఇండియా ఒకటి. వియన్నాలో ఒక మాట, ఏడాది తిరక్కుండా చింతపల్లిలో ఇంకో మాట.

జైళ్ళ సంగతి. 2022 జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒక గంజాయి కేసులో ఏడేళ్ళకు పైగా విచారణలోనే మగ్గిన మనిషికి బెయిలిస్తూ, ఇట్లాంటి నిర్బంధం అందరికన్నా బీదవాళ్ళ బతుకుల్నే ఎక్కువ ఛిద్రం చేస్తుందన్న సంగతి గుర్తించింది. అరెస్టు నాటికి అతని వయసు 23. పట్నాల్లోనూ ఇదే కథ. విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ పరిశోధకులు 2020లో ముంబాయి కోర్టు కేసులు పరిశీలించి, గంజాయి కేసుల్లో అత్యధికం సొంతానికి తాగిన కేసులేననీ, పట్టుబడ్డవాళ్ళు ఎక్కువగా దినకూలీలూ మురికివాడల జనమూ అనీ చూపించారు. మేడల్లో తాగేవాళ్ళు లేకనా? మేడకి తలుపుంది, పేవ్‌మెంటుకి లేదు.

సారా ఉద్యమం మాటేమిటి?

మన పాఠకుల్లో చాలామంది సారా వ్యతిరేక ఉద్యమంలో పనిచేసినవాళ్ళు. వాళ్ళు అడిగే ప్రశ్న న్యాయమైంది: 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దంటే సమర్థించిన మనం, ఇప్పుడు గంజాయి కావాలని ఎట్లా అంటాం?

దూబగుంట ఆడవాళ్ళు ఏం అడిగారో గుర్తు చేసుకుందాం. తాగిన మొగుణ్ణి పదేళ్ళు జైల్లో పెట్టమని అడగలేదు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే పాకెట్లు కట్టి, కంట్రాక్టరుకి వేలం వేసి, కూలి డబ్బంతా ఊడ్చుకుపోయే ఏర్పాటుని ధ్వంసం చెయ్యమన్నారు. వాళ్ళు తిరగబడింది లాభం మీద, వేలంపాట మీద. రాజ్యం దానికిచ్చిన జవాబు కూడా చూడాలి. 1993 అక్టోబరు 1న సారా నిషేధించింది, విదేశీ మద్యాన్ని వదిలేసింది. కూలోడి మందు పోయింది, దొరల మందు మిగిలింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో ఎత్తేశారు. ఆ తర్వాత మళ్ళీ ప్రభుత్వ ఖజానా మద్యం మీదే నడుస్తోంది. భంగుకీ గంజాయికీ మధ్య గీసిన గీతే బ్రాందీకీ సారాకీ మధ్య గీశారు.

గంజాయి హాని చెయ్యదని మేము చెప్పటం లేదు. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగితే చదువు పోతుంది, కొందరికి మనసు చెదిరే జబ్బు వస్తుంది. ఇవి డాక్టర్లు చెప్పిన నిజాలు, మన వాడల్లో చూస్తున్న నిజాలు. కానీ కొలత వుండాలి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్ళు సుమారు 16 కోట్లు, భంగు వాడేవాళ్ళు సుమారు 2.2 కోట్లు, గంజాయి, చరస్ వాడేవాళ్ళు సుమారు 1.3 కోట్లు. పదహారు కోట్ల మందికి దుకాణం తెరిచి, కోటీ ముప్ఫై లక్షల మందికి జైలు చూపించటం ఆరోగ్య విధానం కాదు. పిల్లవాడికి గంజాయి అమ్మే చీకటి సందులో వయసు అడిగేవాడు లేడు. కల్తీ చూసేవాడు లేడు. నిషేధం వాడకాన్ని ఆపలేదు, అదుపునే లేకుండా చేసింది.

నల్లవాళ్ళ అనుభవం చెప్పేది

అమెరికాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ దాదాపు సమానంగానే గంజాయి తాగుతారు. కానీ దగ్గర వుంచుకున్నందుకు అరెస్టయ్యేది మాత్రం నల్లవాళ్ళు 3.6 రెట్లు ఎక్కువని అక్కడి పౌరహక్కుల సంఘం ఎ.సి.ఎల్.యు. 2020 నివేదిక చెబుతోంది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఓటుతో చట్టబద్ధం చేశాయి. తర్వాత ఏమయింది? మొదట్లో పాత కేసులున్నవాళ్ళకి లైసెన్సు ఇవ్వలేదు, పెట్టుబడి వున్న తెల్లవాళ్ళు వ్యాపారులయ్యారు. నిన్న నల్ల కుర్రాడు జైలుకి పోయిన పనికే నేడు తెల్ల పెట్టుబడిదారు పేరు తెచ్చుకున్నాడు. ఇది చూశాకే ఇల్లినాయ్ 2019 చట్టంలో పాత కేసుల కొట్టివేత, దెబ్బతిన్న వాడలకు లైసెన్సుల్లో ప్రాధాన్యం పెట్టారు. దక్షిణాఫ్రికాలో 2018లో రాజ్యాంగ న్యాయస్థానం ఇంట్లో సొంతానికి వాడుకోవటం నేరం కాదంది. కూలీల ఒంటి మీద నిషేధం రాసిన నాటాల్ ఇప్పుడు ఆ దేశంలోనే భాగం.

మనం నేర్చుకోవలసింది ఇదే. చట్టబద్ధం అన్న మాట ఒక్కటే చాలదు. ఎవరి కోసం, ఎవరి చేతుల్లో అన్నది అడగాలి. 2018లో ఉత్తరాఖండ్ పారిశ్రామిక గంజాయి సాగుకి లైసెన్సులిచ్చింది. మిగతా రాష్ట్రాల్లోనూ మందులు, నార, నూనె పేరుతో చర్చ నడుస్తోంది. చర్చలో కంపెనీల పేర్లున్నాయి, జైల్లో వున్న కొండరైతు పేరు లేదు. రేపు కంపెనీ ఇనుప కంచెలో అదే మొక్క పెంచితే అభివృద్ధి అంటారు, కంచె అవతల ఆదివాసి పెంచితే నేరం అంటారు. తులసివనం గంజాయివనం కథ మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

ఏం అడగాలి?

మొదటిది, సొంతానికి వాడటమూ, సొంత వాడకానికి దగ్గర వుంచుకోవటమూ నేరం కాకూడదు. ఆ కేసులన్నీ కొట్టెయ్యాలి.

రెండోది, మోత కూలీల్నీ చిన్న సాగుదార్లనీ విడుదల చెయ్యాలి. శిక్షకు బరువు ఒక్కటే కొలత కారాదు, ఎవరి పెట్టుబడి, ఎవరి లాభం అన్నది కొలత కావాలి.

మూడోది, షెడ్యూల్డు ప్రాంతాల్లో సాగు హక్కు ఆదివాసీ సహకార సంఘాలకే వుండాలి. భూమి విషయంలో 1/70 చట్టం చెప్పిన సూత్రమే పంటకీ వర్తించాలి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల నిషేధంపైనా, అమ్మకం అదుపుపైనా గ్రామసభకు అధికారం గుర్తించింది. వద్దనుకున్న గూడెం వద్దంటుంది, కావాలనుకున్న గూడెం షరతులు పెడుతుంది. నిర్ణయం ఆడవాళ్ళు కూర్చున్న గ్రామసభది, పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరుది కాదు. ఎన్.డి.పి.ఎస్. పదో సెక్షన్ కింద వైద్య, శాస్త్రీయ అవసరాలకు సాగుని అనుమతించే అధికారం రాష్ట్రాలకు ఇప్పటికే వుంది. పని అక్కడ మొదలుపెట్టొచ్చు.

నాలుగోది, ప్రకటనలు వద్దు, వేలంపాట వద్దు, పిల్లలకు అమ్మకం వద్దు. వచ్చిన పన్ను వాడల్లో, గూడేల్లో వైద్యానికీ బడులకీ పోవాలి. దూబగుంట మనకు నేర్పిన పాఠం ఇది.

ఈ డిమాండ్లని దళిత ఉద్యమం నెత్తికెత్తుకుంటే గంజాయి తాగేవాళ్ళ ఉద్యమం అని ఎగతాళి చేస్తారు. చెయ్యనివ్వండి. ఎన్ని మాటలు పడలేదు మనం! భూమి అడిగితే ఆక్రమణదారులన్నారు, నీళ్ళు అడిగితే మైలపరిచారన్నారు. అడిగేది మత్తు కోసం కాదు. ఒకే మొక్కలో ఒకడికి ప్రసాదం, ఇంకొకడికి సంకెల పుట్టించే చట్టాన్ని మార్చమని. మోత కూలీ కేసులున్న కోర్టుల్లో న్యాయవాదులుగా, వాడల్లో కార్యకర్తలుగా, తరగతి గదుల్లో టీచర్లుగా వున్నవాళ్ళు ముందుగా చెయ్యగలిగిన పని ఒకటుంది. మీ జిల్లా జైల్లో ఈ చట్టం కింద ఎవరున్నారో, ఏ వూరివాళ్ళో, ఏ కులంవాళ్ళో, ఎన్నేళ్ళుగా వున్నారో లెక్క రాయండి. లెక్క కాగితం మీదికి వస్తే గీత ఎక్కడ గీశారో అందరికీ కనబడుతుంది.